పేరు లేని సంచి

కంప్యూటర్‌లో కొత్త ఫోల్డర్ తెరవటం క్షణంలో జరిగే పని. ఆ క్షణంలోని అశ్రద్ధకు మూల్యం ఒక్కొక్కసారి ఒక కుటుంబం తరతరాలుగా దున్నుకొంటున్న చెలక కావచ్చు.

బస్తర్ అడవుల దక్షిణపు కొసన, శబరి నది ఒడ్డున కుంట అనే చిన్న పట్టణమున్నది. హిందీ మాట్లాడేవారు దానిని కొంటా అంటారు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు మూడూ ఆ పరిసరాలలోనే కలుస్తాయి. అక్కడి సంతలో గోండి, దోర్లి, తెలుగు, హిందీ భాషలు ఒకేసారి చెవిన పడతాయి.

అటువంటి పట్టణంలో ఒక చిన్న గది, అందులో ఒక కంప్యూటరు, పక్కన కాగితాలను బొమ్మలుగా మార్చే స్కానర్ ఉన్నవని ఊహించుకొనండి. అడవిలోని పల్లె నుంచి ఒక యువకుడు భుజాన సంచితో వచ్చాడు. సంచిలో ఉన్నవి అటవీ హక్కుల చట్టం క్రింద ఊరివారు పెట్టుకొన్న అర్జీలు, గ్రామసభ తీర్మానాలు, చేతితో గీసిన పటాలు, పెద్దల వాంగ్మూలాలు. గదిలోని ఉద్యోగి ఒక్కొక్క కాగితాన్నీ స్కాన్ చేశాడు. వాటిని భద్రపరచటానికి తెరమీద మౌస్ మీట నొక్కి కొత్త ఫోల్డర్ తెరిచాడు. పేరు వ్రాసే గడి తెరుచుకొనే లోపల ఎవరో పిలిచారు. అతడు మరొక చోట మీట నొక్కి లేచిపోయాడు. ఫోల్డర్ పుట్టింది. దానికి యంత్రమే పేరు పెట్టింది: ‘కొత్త ఫోల్డర్ (7)’. దానికి ముందు అటువంటివే ఆరు ఉన్నవి!

సంవత్సరం తరువాత ఆ యువకుడు మళ్ళీ వచ్చి, “మా ఊరి కాగితాలు కావాలి” అని అడిగితే, అవి ఆ ఏడింటిలో ఎక్కడ ఉన్నవో ఆ ఉద్యోగికి గాని, యంత్రానికి గాని తెలియదు. కాగితాలు పోలేదు. అయినా దొరకవు. దొరకని కాగితానికీ, లేని కాగితానికీ కచేరీలో భేదం లేదు.

ఈ కష్టానికి కారణం ఉద్యోగి అశ్రద్ధ ఒక్కటే కాదు. ఫోల్డర్ తెరిచే పద్ధతిని రూపొందించినవారి పాత్ర కూడా ఇందులో ఉన్నది. ఆ పద్ధతిని బాగుచేయటం కష్టమైన పనీ కాదు, ఖర్చుతో కూడిన పనీ కాదు.

కవిలెకట్ట నుంచి బస్తా వరకు

కాగితాలను ఒక చోట చేర్చి, ఆ కట్టకు పేరు పెట్టటం మన దేశానికి కొత్త విద్య కాదు. తెలుగునాట కరణాలు గ్రామ లెక్కలను తాటాకులమీద వ్రాసి, కవిలెకట్టలుగా కట్టి, తండ్రి నుంచి కొడుక్కు అప్పగించేవారు. 1821లో మరణించిన కల్నల్ కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించినప్పుడు వారికి ఆధారమైనవి ఆ కవిలెలే. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణీకం రద్దయ్యేవరకు గ్రామ రికార్డులు కరణం చేతిలోనే ఉండేవి. ఏ కట్టలో ఏమున్నదో ఆయన జ్ఞాపకమే చెప్పేది.

బస్తర్ వైపు ఆ పనిని పట్వారీ చేస్తాడు. ఆయన పత్రాలను గుడ్డలో మూటగట్టి ‘బస్తా’ అంటారు. ఆ బస్తా విప్పితే ఊరు విప్పినట్లే. అయితే ఆ బస్తాకు ఒక గుణమున్నది. ఏ ఊరి పేరూ లేకుండా ఏ పట్వారీ బస్తా కట్టడు. ఊరి కోసమే దానిని కడతాడు. పేరు ముందు, మూట తరువాత.

పాత పత్రాల విలువ బస్తర్ చరిత్రలోనే కనబడుతుంది. వెరియర్ ఎల్విన్ బస్తర్ మరియాల హత్యలను, ఆత్మహత్యలను గురించి 1943లో ప్రచురించిన గ్రంథానికి నూరు హత్య కేసుల పత్రాలు ఆధారం. ఆ పత్రాలు ఎక్కడో ఒక చోట కట్టగట్టి ఉన్నందువలననే ఒక జాతి మనస్సును గురించిన ఆ గ్రంథం వెలువడగలిగింది.

కంప్యూటరు ఈ వరుసను తారుమారు చేసింది. అక్కడ మూట ముందు, పేరు తరువాత. ఒక్కొక్కసారి పేరు ఎన్నటికీ రాదు.

ఫోల్డర్ పుట్టుక

కంప్యూటర్‌లో పత్రాలను ఒకదానిలో ఒకటిగా అరలు చేసి దాచే పద్ధతి 1960లలోనే రూపుదిద్దుకొన్నది. 1971 నాటి యూనిక్స్ వ్యవస్థలో కొత్త అర తెరవటానికి ఒక ఆజ్ఞ ఉండేది. ఆ ఆజ్ఞతోపాటు పేరు కూడా వ్రాసి తీరవలెను. పేరు లేనిదే అర తెరుచుకొనేది కాదు. 1983లో వచ్చిన ఎమ్మెస్ డాస్ రెండవ రూపంలోనూ, 1986లో వెలువడి ఎంతో ప్రచారం పొందిన నార్టన్ కమాండర్‌లోనూ ఇదే నియమం.

తెరమీద అట్టసంచి బొమ్మ చూపే సంప్రదాయం 1981లో జిరాక్స్ సంస్థ తయారుచేసిన స్టార్ యంత్రంతో వ్యాప్తికి వచ్చింది. అందులో ఖాళీ సంచి ఒకటి నమూనాగా ఉండేది. దానికి నకలు తీసుకొని వాడుకోవలెను. 1983లో వచ్చిన ఆపిల్ లీసాలో ఖాళీ సంచుల దొంతర ఉండేది. కాగితాల పుస్తకం నుంచి ఒక పుట చింపినట్లు దానినుంచి ఒక సంచి తీసుకొనేవారు. మెకింతోష్ యంత్రంలో ‘కొత్త ఫోల్డర్’ అనే ఆజ్ఞ 1985లో చేరింది. విండోస్ 95తో ఆ రెండు మాటలు ప్రపంచంలోని కోట్లమందికి పరిచయమైనవి.

ఈ కొత్త పద్ధతిలో యంత్రం ముందుగా సంచిని పుట్టించి, దానికి తాత్కాలికంగా ఒక పేరు తగిలించి, ఆ పేరును మార్చుకొనే అవకాశమిస్తుంది. మార్చుకోకపోతే తాత్కాలికమే శాశ్వతమవుతుంది. ఇందుకు కారణం లేకపోలేదు. పని మధ్యలో ప్రశ్నలు వేసి మనిషిని ఆపరాదన్నది రూపకర్తల ఉద్దేశం. ఏ పేరు పెట్టవలెనో ఇంకా తేలనివారిని నిర్బంధిస్తే చేతికి వచ్చిన నాలుగు అక్షరాలు కొట్టి ముందుకు పోతారు. అర్థం లేని పేరు, పేరు లేకపోవటం కంటె మేలు కాదు. సదుద్దేశంతో చేసిన ఏర్పాటే అయినా, ఒకే యంత్రం మీద పదిమంది పనిచేసే చోట, అవసరం అయిదు సంవత్సరాల తరువాత వచ్చే చోట, అది అక్కరకు రాలేదు.

అరవై రోజుల గడువు

బస్తర్‌లో ఆ అవసరం ఎటువంటిదో తెలియాలంటే 2006 నాటి అటవీ హక్కుల చట్టాన్ని చూడవలెను. 2008 జనవరి 1న దాని నియమాలు వెలువడినవి. 2005 డిసెంబరు 13 నాటికి అటవీభూమిని సాగుచేసుకొంటున్న ఆదివాసి కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు లభిస్తుంది. ఊరంతటికీ ఉమ్మడిగా అడవిమీద హక్కులు వేరే ఉన్నవి. వ్యక్తి అర్జీకి ఒక పత్రం, ఉమ్మడి హక్కులకు ఒక పత్రం, 2012 సవరణ తరువాత ఊరి అటవీ వనరులకు మరొక పత్రం ఏర్పడినవి. ప్రతి అర్జీకీ ఒకటికి మించిన ఆధారాలు కావలెను. సర్కారు కాగితం లేనివాడు పెద్దల మాటను వ్రాయించి పెట్టవచ్చు. వంశవృక్షం పెట్టవచ్చు. పొలంలోని పాత బావి, సమాధులు వంటి ఆనవాళ్ళు చూపవచ్చు.

అర్జీ గ్రామసభ నుంచి ఉపవిభాగ సంఘానికి, అక్కడి నుంచి జిల్లా సంఘానికి పోతుంది. నిర్ణయం ప్రతికూలమైతే పైసంఘానికి మొరపెట్టుకొనటానికి ఉన్న గడువు అరవై రోజులు. ఆ అరవై రోజులలో మొదటి కాగితం నుంచి చివరి కాగితం వరకు మళ్ళీ చేతికి రావలెను.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అర్జీలు తిరస్కరించబడినవారిని అటవీభూములనుంచి ఖాళీ చేయించవలసిందిగా రాష్ట్రాలను ఆదేశించింది. దేశమంతటా ఆదివాసి పల్లెలలో అలజడి చెలరేగింది. ఫిబ్రవరి 28న ఆ ఆదేశాన్ని అదే న్యాయస్థానం నిలిపివేసి, తిరస్కరించటంలో ఏ పద్ధతి పాటించారో తెలుపవలసిందిగా రాష్ట్రాలను కోరింది. ఆ పదిహేను రోజులలో ఎన్ని గుడిసెలలో పాత కాగితాల కోసం వెదుకులాట జరిగి ఉంటుందో ఊహించవచ్చు. పత్రం చేతిలో ఉన్నవాడికీ, పత్రం ‘ఎక్కడో ఉన్న’ వాడికీ గల దూరమెంతో అటువంటి రోజులలో తెలుస్తుంది.

కదలని ఊరు, కదిలే జిల్లా

ఫోల్డర్లకు పేర్లు సక్రమంగా పెట్టినా బస్తర్‌లో మరొక చిక్కు ఉన్నది. ఒకప్పటి బస్తర్ జిల్లా విస్తీర్ణం 39,000 చదరపు కిలోమీటర్లకు పైబడినది. కేరళ రాష్ట్రం కంటె పెద్దది. 1998లో దానినుంచి దంతెవాడ, కాంకేర్ జిల్లాలు విడివడినవి. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2007లో బీజాపూర్, నారాయణ్‌పూర్ జిల్లాలు, 2012లో సుక్మా, కొండగావ్ జిల్లాలు అవతరించినవి.

కుంట ఉన్న చోటనే ఉన్నది. కాని 1998 నుంచి 2012 లోపల అది రెండు రాష్ట్రాలను, మూడు జిల్లాలను చూసింది. మొదట మధ్యప్రదేశ్‌లోని బస్తర్, తరువాత దంతెవాడ, ఆ పిమ్మట సుక్మా. ఇంద్రావతి గోదావరిలో కలిసే ప్రాంతానికి దాపున ఉన్న భోపాలపట్నానిది కూడా ఇదే కథ. బస్తర్ నుంచి దంతెవాడకు, దంతెవాడనుంచి బీజాపూర్‌కు మారింది. కుంటకు పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు దశ కూడా వేరు కాదు. అది 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మానికి, 2014లో ఖమ్మం నుంచి తిరిగి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది.

జిల్లా పేరుతో పెద్ద ఫోల్డర్ తెరిచి, అందులో ఊరి ఫోల్డర్ పెట్టినవారికి ప్రతి మార్పుతోనూ కాగితాల చిరునామా తప్పుతుంది. కొందరు పాతదానిని అలాగే ఉంచి కొత్త జిల్లా పేరుతో మరొకటి తెరుస్తారు. ఇక ఊరి చరిత్ర రెండు చోట్ల సగం సగంగా ఉండిపోతుంది. పైగా బీజాపూర్ అనే పేరు వింటే చాలామందికి ముందు గుర్తుకు వచ్చేది గోల్ గుంబజ్ ఉన్న కర్ణాటక నగరం. అందువలన వట్టి పేరు చాలదు. పేరు పెట్టే క్షణంలో ఆలోచన కావలెను. ఆ ఆలోచనకు యంత్రం తోడ్పడవలెను.

కంటికి ఒకటి, యంత్రానికి రెండు

భాషల విషయంలో చిక్కు మరింత లోతైనది. తెలుగు లిపికి ప్రపంచ లిపి సంకేతమైన యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. కనుక ఈనాడు ఫోల్డర్‌కు తెలుగులో పేరు పెట్టటానికి ఆటంకం లేదు. అయినా చిన్న చిన్న గోతులున్నవి.

‘జగదల్‌పూర్’ అన్న పేరు చూడండి. ‘ల్’ తరువాత ‘పూ’ వ్రాస్తే యంత్రం ఆ రెంటినీ కలిపి వత్తుగా చేస్తుంది. విడిగా కనబడవలెనంటే మధ్యలో ఒక అదృశ్యమైన సంకేతాన్ని ఉంచవలెను. అలవాటు కొద్దీ కొందరు అదే సంకేతాన్ని పొల్లుతో ముగిసే మాట చివర కూడా కొడతారు. అప్పుడు ఒక ‘బీజాపూర్’కు చివర అదృశ్య సంకేతమున్నది, మరొక ‘బీజాపూర్’కు లేదు. కంటికి రెండూ ఒకటే. యంత్రానికి రెండూ వేర్వేరు. ఒకే చోట, ఒకే పేరుతో కనబడే రెండు ఫోల్డర్లు ఎట్లా పుట్టినవో తెలియక మనిషి తెల్లబోతాడు. రేపు ఒక కాగితం మొదటిదానిలోకి, ఎల్లుండి మరొకటి రెండవదానిలోకి పోతుంది.

పేరు పొడవు మరొక సమస్య. లినక్స్ యంత్రాలలో విరివిగా వాడే ఈఎక్స్‌టీ4 వ్యవస్థ ఒక పేరుకు 255 బైట్ల చోటు ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు కావలెను. మన కంటికి ఒకే అక్షరమైన ‘స్త్రీ’లో ఆరు సంకేతాలున్నవి. అనగా 18 బైట్లు. ఇంగ్లీషువాడికి 255 అక్షరాల జాగా ఉన్న చోట తెలుగువాడికి దక్కేది 85 సంకేతాలు. గోండి లిపులకు ఇంకా తక్కువ. 2017లో మసరాం గోండి, 2018లో గుంజాల గోండి లిపులు యూనికోడ్‌లో చేరినవి. రెండవది ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన వ్రాతప్రతుల లిపి. వాటి ప్రతి సంకేతానికీ నాలుగు బైట్లు పడుతుంది. అందువలన 63తో సరి. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా గలవారు 29 లక్షల 84 వేలమంది. తమ ఊరి పేరు, అర్జీదారు పేరు, తేదీ కలిపి తమ లిపిలో వ్రాసుకొనబోతే పేరు మధ్యలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పే నాథుడు ఉండడు.

తేదీల మాట సరేసరి. అటవీ హక్కుల అర్జీలో కీలకమైన తేదీ 2005 డిసెంబరు 13. దానిని అందరివలె వాలుగీతలతో 13, 12, 2005 అని వ్రాసి ఫోల్డర్ తెరవబోతే విండోస్ ఒప్పుకోదు. దాని నిషిద్ధ చిహ్నాలు తొమ్మిది. వాటిలో వాలుగీత ఒకటి. అదే పేరును లినక్స్‌లోని డాల్ఫిన్ అనే ఫైల్ మేనేజర్‌లో వ్రాస్తే, ‘13’ అనే ఫోల్డర్, దానిలో ‘12’, దానిలో ‘2005’ పుడతాయి!

అయిదు సూచనలు

ఈ కష్టాలను తీర్చటానికి కొత్త శాస్త్రం కనిపెట్టనక్కర లేదు. తగిన ఉపాయాలు అక్కడక్కడా ఇదివరకే ఉన్నవి. వాటిని ఒక చోట చేర్చి, అన్ని యంత్రాలలోనూ అందుబాటులోకి తేవటమే కావలసినది.

మొదటిది: పేరు ముందు అడగవలెను. కొత్త ఫోల్డర్ కోరగానే చిన్న గడి తెరిచి పేరు అడిగే పద్ధతి డాల్ఫిన్‌లోనూ, గ్నోమ్ వారి ఫైల్ మేనేజర్‌లోనూ ఉన్నది. వద్దనుకొని గడిని మూసివేస్తే ఏ ఫోల్డరూ పుట్టదు. పేరు ఇంకా తేలనివారికి ‘తరువాత పెడతాను’ అనే అవకాశమూ ఉండవలెను. అయితే అటువంటి ఫోల్డర్ వేరే రంగులో కనబడి, పేరు పెట్టేవరకు జ్ఞాపకం చేస్తూ ఉండవలెను. నామకరణం వాయిదా వేయవచ్చు, మరచిపోరాదు.

రెండవది: ముందు కాగితాలు ఎంచుకొని, తరువాత సంచిలో వేసే వీలుండవలెను. మనిషి చేసే పని వరుస అదే. బల్లమీది కాగితాలు చూసి, ఇవి ఒక జాతి అనుకొని, అప్పుడు కట్ట కడతాడు. ‘ఎంచుకొన్నవాటితో కొత్త ఫోల్డర్’ అనే ఆజ్ఞను 2011లో ఆపిల్ ప్రవేశపెట్టింది. గ్నోమ్‌లో ఎంచుకొన్న పత్రాల పేర్లలోని ఉమ్మడి భాగాన్ని యంత్రమే పేరుగా సూచిస్తుంది కూడా. ఈ సదుపాయం ప్రతి యంత్రంలోనూ ఉండవలెను.

మూడవది: ఒకే మారు అనేకం తెరవగలగాలి. ఒక మండలంలో నలభై ఊళ్ళుంటే నలభైసార్లు మౌస్ మీట నొక్కటం ఎందుకు? నలభై పేర్లు వరుసకు ఒకటిగా వ్రాస్తే నలభై ఫోల్డర్లు రావలెను. వాలుగీతతో లోపలి అరలను తెరిచే డాల్ఫిన్ పద్ధతి ఉపయోగకరమే. అయితే ఏమేమి పుట్టబోతున్నవో ముందుగా చిన్న పటంగా చూపితే తేదీ వ్రాసినవాడు మోసపోడు.

నాలుగవది: నమూనా ఫోల్డర్ ఉండవలెను. ప్రతి ఊరికీ కావలసిన అరలు అవే: వ్యక్తుల అర్జీలు, ఉమ్మడి హక్కులు, గ్రామసభ తీర్మానాలు, పటాలు, పై సంఘాల ఉత్తర్వులు. ఒకసారి నమూనా తయారుచేసి పెట్టుకొంటే, ‘కొత్త ఊరు’ అనగానే ఆ అరలన్నీ సిద్ధంగా రావలెను. 1981లో స్టార్ యంత్రం ఖాళీ సంచికి నకలు తీయించినప్పుడు దీని బీజం ఉన్నది. నలభై ఏండ్ల తరువాత కూడా ఆ బీజం చాలచోట్ల మొలకెత్తలేదు. నమూనాలో మరొక లాభమున్నది. ఖాళీగా మిగిలిన అర తానే మాట్లాడుతుంది. ‘పటాలు’ అన్న అరలో ఏమీ లేదంటే ఆ ఊరి అర్జీకి పటం జతపడలేదన్నమాట. లోపాన్ని కచేరీ కంటె ముందు తామే పట్టుకోవచ్చు.

అయిదవది: మన భాషలను ఎరిగిన జాగ్రత్త కావలెను. కంటికి ఒకే తీరుగా కనబడే పేరు అదే చోట ఉంటే, “ఇటువంటి పేరుతో ఒకటి ఉన్నది, దానినే తెరవమంటారా?” అని యంత్రం అడగవలెను. పేరు పట్టకపోతే ఎన్ని అక్షరాలు తగ్గించవలెనో చెప్పవలెను. ఒక చిహ్నం చెల్లకపోతే దాని బదులు ఏది చెల్లుతుందో చూపవలెను. ఈ మాటలన్నీ వాడేవారి భాషలో ఉండవలెను. గ్నోమ్‌ను తెలుగు చేసినవారు ఫైల్‌కు ‘దస్త్రం’, ఫోల్డర్‌కు ‘సంచయం’ అనే పేర్లు పెట్టారు. మైక్రోసాఫ్ట్ తెలుగులో ‘ఫోల్డర్’ అన్న మాటనే ఉంచింది. ఏ మాట మేలన్నది వాదించుకోవచ్చు. కాని తప్పు జరిగినప్పుడు యంత్రం చెప్పే కారణం అర్థం కావలెనన్న విషయంలో వాదానికి తావు లేదు.

ఈనాడే చేయదగినవి

రూపకర్తలు ఈ మార్పులు చేసేవరకు చేతులు ముడుచుకొని కూర్చోనక్కర లేదు. ఇప్పుడున్న యంత్రాలతోనే సాధించగలవి కొన్ని ఉన్నవి.

విండోస్ 7 వచ్చిన 2009 నుంచి కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు మూడూ కలిపి నొక్కితే కొత్త ఫోల్డర్ వస్తుంది. పేరు గడి వెంటనే తెరుచుకొంటుంది. మౌస్ వదలి చేతులు అక్షరాల మీటలమీదనే ఉంటాయి కనుక పేరు వ్రాయకుండా జారిపోయే ప్రమాదం తక్కువ. నమూనా ఫోల్డర్ లేకపోయినా, ఖాళీ అరలతో ఒక ఫోల్డర్ తయారుచేసి ‘నమూనా ఊరు’ అని పేరు పెట్టి, కావలసినప్పుడల్లా దానికి నకలు తీసి ఊరి పేరు వ్రాసుకొనవచ్చు.

తేదీని సంవత్సరంతో మొదలుపెట్టి, మధ్య చిన్న అడ్డగీతలతో 2005-12-13 అని వ్రాస్తే ఏ యంత్రమూ అభ్యంతరం చెప్పదు. పైగా కాగితాలు కాలక్రమంలో వాటంతట అవే బారు తీరుతాయి. వరుససంఖ్యలను 1, 2 అని గాక 01, 02 అని వ్రాస్తే పది వచ్చి రెండుకు ముందు కూర్చోదు. పేరు సాధ్యమైనంత పొట్టిగా ఉంచి, వివరాలు ఫోల్డర్ లోపల ఒక చిన్న పత్రంలో వ్రాసుకొంటే చోటు చాలకపోవటమన్నది రాదు. ఒక ఊరికి రెండు మూడు పేర్లున్నప్పుడు, అనగా కుంట, కొంటా వంటివి ఉన్నప్పుడు, ఒకదానిని నియమంగా ఎంచుకొని, మిగిలినవాటిని ఆ చిన్న పత్రంలో చేర్చవలెను. యంత్రంలో వెదికినప్పుడు అది దారి చూపుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైనది, మారేదానిని పైన పెట్టకూడదు. జిల్లా మారుతుంది, రాష్ట్రం మారుతుంది, అధికారి మారతాడు. ఊరు మారదు. అందువలన ఊరి పేరే మూలం కావలెను. జిల్లాల వారీగా జాబితా కావలసినవారు జిల్లా ఫోల్డర్‌లో ఊరి ఫోల్డర్‌కు దారి చూపే లంకె మాత్రం ఉంచుకోవచ్చు. రేపు మరొక జిల్లా ఏర్పడితే లంకె మార్చుకొంటే చాలును. ఊరు, ఊరి కాగితాలు ఉన్న చోటనే ఉంటాయి.

ఒక్క మాట కోసం

ఈ సూచనలు పెద్ద కార్యాలయాలకు అంతగా పట్టకపోవచ్చు. అక్కడ వేలకొద్ది పత్రాలను వెదికి తెచ్చే వ్యవస్థలు వేరే ఉంటాయి. కాని అడవి అంచున ఒకే గది, ఒకే కంప్యూటరు, మధ్య మధ్య పోయే కరెంటు, పూటకొక మనిషి ఉన్న చోట ఫైల్ మేనేజరే రికార్డు గది, అదే కరణం, అదే పట్వారీ. అక్కడి మనిషికి యంత్రం అడిగే ఆ ఒక్క చిన్న ప్రశ్నే ఆధారం: “దీని పేరేమిటి?”

కుంటలోని ఆ గదిలోకి మళ్ళీ పోదాము. సంచి భుజాన వేసుకొని ఆ యువకుడు వచ్చాడు. తిరస్కరణ ఉత్తరం చేతికి అంది యాభై రోజులు గడిచినవి, ఇక మిగిలినవి పది. ఉద్యోగి తెరమీద అతని ఊరి పేరు వ్రాశాడు. ఫోల్డర్ తెరుచుకొన్నది. అయిదు అరలూ వరుసగా ఉన్నవి. రెండవ అరలో గ్రామసభ ఉమ్మడి అర్జీ, మూడవ అరలో తీర్మానం, నాలుగవ అరలో పెద్దలు చేతితో గీసిన పటం. వాగు ఎక్కడున్నదో, పాత ఇప్పచెట్టు ఎక్కడున్నదో, తాత సమాధి ఎక్కడున్నదో ఆ పటంలో ఉన్నవి.

అచ్చుయంత్రం కదిలింది. కాగితాలు ఒక్కొక్కటే వెలుపలికి వచ్చినవి. అది ఏ యంత్రం చేసిన అద్భుతమూ కాదు. ఒకనాడు ఆ ఫోల్డర్ తెరిచినప్పుడు దానికి ఎవరో ఊరి పేరు పెట్టారు, అంతే.